గడ్డకట్టిన నేలలోకి బోరు వేసి పాత వాతావరణాన్ని ఎలా చదువుతారు?

మట్టిరేణువు

అందరికీ నమస్కారం. కొన్ని వారాలుగా ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు.

అంటార్కిటికా మంచులోకి బోరు వేసి తీసే కోర్‌ల (గొట్టంలో వచ్చే పొడవాటి నమూనాల) గురించి చదివాను. డోమ్ సి దగ్గర 3,270 మీటర్ల దాకా దిగి 8 లక్షల ఏళ్ళ చరిత్ర తీశారు. 2025 జనవరిలో లిటిల్ డోమ్ సి దగ్గర 2,800 మీటర్లు పూర్తిచేసి 12 లక్షల ఏళ్ళు దాటారు. అదంతా నాకు అర్థమైంది. ఏటా మంచు కురుస్తుంది, పాతది కింద అణిగిపోతుంది, మధ్యలో గాలి బుడగలు చిక్కుకుంటాయి. కిందికి పోయేకొద్దీ కాలంలో వెనక్కి పోతాం.

అయితే సైబీరియాలో, అలాస్కాలో, ఉత్తర కెనడాలో గడ్డకట్టిన నేల నుంచి కూడా కోర్‌లు తీస్తారట. అక్కడ ఉండేది మట్టి, ఇసుక, సగం కుళ్ళిన గడ్డివేళ్ళు. ఏటేటా పడే పొరలు ఉండవు కదా? మరి దాంట్లో ఏం చదువుతారు? ఇంకొకటి, బోరు తిరుగుతుంటే వేడి పుడుతుంది. ఆ వేడికి కోర్ కరిగిపోదా?

తెలిసినవాళ్ళు ఓపికగా చెప్పండి. భౌతికశాస్త్రం డిగ్రీ దాకా చదివాను, భూగర్భశాస్త్రం మాత్రం కొత్త.

భూగోళం మాస్టారు

మంచి ప్రశ్న వేశారు. ముందు మాట దగ్గర మొదలుపెడదాం, ఎందుకంటే తెలుగులో దీన్ని చాలామంది తప్పుగా రాస్తున్నారు.

పర్మాఫ్రాస్ట్ అంటే వరసగా కనీసం రెండేళ్ళపాటు సున్నా డిగ్రీలు లేదా అంతకంటే తక్కువలో ఉండిపోయిన నేల. అంతే. అందులో మంచు ఉండాలన్న నియమం కూడా లేదు, పొడి రాయి అయినా సరే. పత్రికలు దీన్ని "శాశ్వత మంచు" అని రాస్తాయి. అది మంచూ కాదు, శాశ్వతమూ కాదు. నేను పాఠంలో "గడ్డకట్టిన నేల" అనే చెబుతాను. దాని పైన వేసవిలో కరిగి చలికాలంలో మళ్ళీ గడ్డకట్టే పొర ఒకటి ఉంటుంది. కొన్నిచోట్ల జానెడో మూరెడో, కొన్నిచోట్ల మనిషి లోతు దాటి.

ఇది ఎంత లోతు ఉంటుందో మొదట తెలిసింది నీళ్ళకోసం తవ్విన బావి వల్ల. సైబీరియాలోని యాకుత్స్క్‌లో షెర్గిన్ అనే వర్తక సంస్థ ఉద్యోగి 1828లో బావి తవ్వించడం మొదలుపెట్టాడు. తవ్వినకొద్దీ గడ్డకట్టిన మట్టే. 1837లో ఆపేసేసరికి సుమారు 116 మీటర్లు దిగారు, నీటిచుక్క లేదు. 1844లో మిడెన్‌డార్ఫ్ అనే శాస్త్రవేత్త ఆ బావి గోడల్లో వేర్వేరు లోతుల్లో ఉష్ణోగ్రతలు కొలిచాడు. నీళ్ళు రాని బావి శాస్త్రానికి పనికొచ్చింది. ఇప్పుడు మనకు తెలుసు, సైబీరియాలో కొన్నిచోట్ల ఈ నేల దాదాపు 1,500 మీటర్ల మందం ఉంది.

కోర్‌లో ఏం చదువుతారన్నది నాకంటే బాగా చెప్పగలవాళ్ళు ఇక్కడ ఉన్నారు. చలిగది గారూ, మీరు చూస్తున్నారా?

చలిగది

చూస్తున్నాను మాస్టారూ. కోర్‌లు దాచే చలి ల్యాబ్‌లో నాలుగేళ్ళు పనిచేశాను. రెండుసార్లు బోరు వేసే బృందంతో వెళ్ళాను. అందుకని కరగడం గురించి ముందు చెబుతాను.

తక్కువ లోతుకు ఎక్కువగా వాడేది సైప్రీ కోరర్. 1950ల నాటి అమెరికా సైన్యపు మంచు పరిశోధనా సంస్థ పేరే దానికి నిలిచిపోయింది. లోపల బోలుగా ఉండే ఉక్కు గొట్టం, అడుగున పళ్ళు, పైన చిన్న ఇంజిన్. ఇద్దరు గట్టిగా పట్టుకుంటారు. సుమారు ఏడున్నర సెంటీమీటర్ల మందం కోర్ వస్తుంది. ఒక్క ఊపున మీటర్లకు మీటర్లు దించరు. కొద్దిగా దించాలి, పైకి తీయాలి, కోర్‌ను బయటికి తోయాలి, మళ్ళీ దించాలి. ఎక్కువసేపు తిప్పితే పళ్ళ దగ్గర మంచు కరుగుతుంది. ఆపగానే ఆ నీరే మళ్ళీ గడ్డకట్టి గొట్టాన్ని రంధ్రంలో బిగించేస్తుంది. అప్పుడు పుట్టే టెన్షన్ అంతా ఇంతా కాదు. గొట్టం పోతే ఆ సీజన్ పోయినట్టే.

అందుకే ఎక్కువగా చలికాలం చివర్లో, వసంతం మొదట్లో వెళ్తారు. పగటి వెలుగు ఉంటుంది, నేల పైదాకా గట్టిగా ఉంటుంది, స్నోమొబైల్ మీద సామాను లాగొచ్చు. వేసవిలో వెళ్తే పైన బురద, రంధ్రంలోకి నీళ్ళు.

నీళ్ళ బోరు వేసేటప్పుడు నీళ్ళో బురదద్రవమో పంపి బిట్‌ను చల్లబరుస్తారు. ఇక్కడ అది చేయకూడదు. ద్రవం వెచ్చగా ఉంటే నేల కరుగుతుంది, పైగా నమూనాలోకి ఇంకి దాన్ని పాడుచేస్తుంది. అందుకని పొడిగానే, నెమ్మదిగా తిప్పుతారు. లోతైన వాటికి చల్లబరిచిన గాలిని ఒత్తిడితో పంపి పొడిని బయటికి ఊదే పద్ధతి ఉంది. ఇంకో కష్టం గులకరాళ్ళు. మంచు, ఒండ్రు అయితే పళ్ళు వెన్నలో దిగినట్టు దిగుతాయి. ఒక్క రాయి తగిలిందంటే పళ్ళు మొద్దుబారతాయి, పక్కకు జరిగి మళ్ళీ మొదలుపెట్టాలి.

కోర్ బయటికి రాగానే మొదటి పని దాని మీద బాణం గుర్తు గీయడం, ఏ వైపు పైభాగమో తెలియడానికి. మా రెండో ప్రయాణంలో ఒక సంచి మీద ఆ గుర్తు లేదు. గాలిలో చేతులు మొద్దుబారి ఎవరో మర్చిపోయారు. అది నేనే కావచ్చు కూడా. ల్యాబ్‌కు వచ్చాక ఆ 40 సెంటీమీటర్ల ముక్కను ఎన్నిసార్లు తిప్పి చూశామో! రెండు చివర్లూ ఒకేలా ఉన్న బూడిదరంగు ఒండ్రు. వరస తెలియకపోతే అందులో కాలం తెలియదు. ఇప్పటికీ ఆ సంచి గుర్తొస్తే మనసు చివుక్కుమంటుంది.

పదహారుపద్దెనిమిది

చలిగది గారు బోరు గురించి చెప్పారు, నేను మంచు గురించి చెబుతాను. నా పని ఐసోటోప్‌లు, అంటే ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులు. అందుకే ఈ పేరు.

ఈ నేలలో నాకు అన్నిటికంటే ఇష్టమైనవి ఐస్ వెడ్జ్‌లు. పైన వెడల్పుగా, కిందికి సన్నబడే మంచు గోడలు. అవి పుట్టే తీరు చూడండి. నడి చలికాలంలో ఉష్ణోగ్రత ఒక్కసారిగా పడిపోతే గడ్డకట్టిన నేల కుంచించుకుపోయి చీలుతుంది. చీలిక వెడల్పు కొన్ని మిల్లీమీటర్లే, లోతు మాత్రం కొన్ని మీటర్లు. వసంతంలో పైన ఉన్న మంచు కరిగి ఆ నీరు చీలికలోకి జారి అక్కడి చలికి వెంటనే గడ్డకడుతుంది. మరో చలికాలానికి నేల మళ్ళీ చీలినప్పుడు చాలాసార్లు అదే చోట చీలుతుంది, ఎందుకంటే చుట్టూ ఉన్న మట్టికంటే ఆ మంచు బలహీనం. ఇలా వేల ఏళ్ళు సన్నని పొరలు చేరి మీటర్ల వెడల్పు గోడ అవుతుంది. విమానంలోంచి చూస్తే టండ్రా అంతా బహుభుజాల వల పరిచినట్టు కనిపించేది వీటివల్లే.

చీలికలోకి దిగింది ఎక్కువగా చలికాలపు మంచు కరిగిన నీరు. అందువల్ల ఐస్ వెడ్జ్ చలికాలాల జ్ఞాపకం. నీటిలోని ఆక్సిజన్‌లో 16 బరువున్నదీ 18 బరువున్నదీ ఉంటాయి. మేఘం చల్లబడుతూ వచ్చేకొద్దీ బరువైనది ముందే రాలిపోతుంది. బాగా చలిగా ఉన్న చోట పడే మంచులో 18 తక్కువ. ఆ నిష్పత్తి కొలిస్తే ఆనాటి చలికాలం ఎంత చలిగా ఉందో అంచనా వేయొచ్చు.

దీని విలువ 2015లో సైబీరియాలోని లీనా నది డెల్టా ఐస్ వెడ్జ్‌ల మీద వచ్చిన పరిశోధన చూస్తే తెలుస్తుంది. ఉత్తరాన గత కొన్ని వేల ఏళ్ళుగా నెమ్మదిగా చల్లబడుతూ వచ్చిందని పుప్పొడి లాంటి ఆధారాలు చెబుతాయి. కానీ మొక్కలు పెరిగేది వేసవిలో, కాబట్టి అవి చెప్పేది వేసవి కథ. ఐస్ వెడ్జ్‌లు చెప్పింది వేరు. గత 7,000 ఏళ్ళకు పైగా చలికాలాలు వెచ్చబడుతూనే వచ్చాయి. భూమి తిరిగే కక్ష్య మారడం వల్ల చలికాలపు ఎండ పెరిగింది, గత శతాబ్దాల్లో గ్రీన్‌హౌస్ వాయువులు తోడయ్యాయి. రెండు సాక్షులూ నిజమే చెప్పాయి, వేర్వేరు రుతువుల గురించి. చలికాలం గురించి మాట్లాడే సాక్షులు చాలా తక్కువ. అందుకే నాకీ మంచు మీద ఇంత ప్రేమ.

మట్టిరేణువు

అద్భుతంగా చెప్పారు. కానీ ఒకచోట ఆగిపోయాను. కొత్త పొర ప్రతిసారీ మధ్యలో చేరితే, పాతది పక్కలకు జరుగుతుంది కదా? అలాంటప్పుడు పై నుంచి నిలువుగా బోరు వేస్తే ఏం దొరుకుతుంది?

పదహారుపద్దెనిమిది

సరిగ్గా పట్టుకున్నారు! ఐస్ వెడ్జ్‌లో లోతుకూ వయసుకూ నేరుగా సంబంధం లేదు. మధ్యలోది కొత్తది, అంచులవి పాతవి. అందుకే వీలైనచోట నది కోసిన గట్టు దగ్గరో సముద్రపు ఒడ్డునో వెడ్జ్ బయటపడిన చోటుకు వెళ్ళి, చైన్ రంపంతో అడ్డంగా ఒక అంచు నుంచి మరో అంచు దాకా ముక్కలు కోస్తాం. నిలువు బోరు ఒక్కటే ఉంటే, ఏది వెడ్జ్ మంచో, ఏది మట్టి సందుల్లో మామూలుగా గడ్డకట్టిన మంచో ముందు వేరుచేయాలి. ఆ రెండో రకంలో వేసవి వాన కూడా కలిసి ఉంటుంది. రెండిటినీ కలిపేస్తే వచ్చే అంకెకు అర్థం ఉండదు.

వయసు విషయానికి వస్తే, మంచులో చిక్కిన ఆకు ముక్కలకు రేడియోకార్బన్ (ఒకప్పుడు బతికినవాటి వయసును వాటిలోని కార్బన్‌తో లెక్కగట్టే పద్ధతి) పనిచేస్తుంది. దాని హద్దు సుమారు 50,000 ఏళ్ళు. అంతకుముందుకు పోవాలంటే అదృష్టం కూడా కావాలి. కెనడాలోని యూకాన్‌లో ఒక ఐస్ వెడ్జ్ పైన అగ్నిపర్వత బూడిద పొర దొరికింది. ఆ బూడిద వయసు సుమారు 7,40,000 ఏళ్ళు. బూడిద పైన ఉంది కాబట్టి కింది మంచు అంతకంటే పాతదే. అంటే మధ్యలో ఇప్పటికంటే వెచ్చని కాలాలు వచ్చినా ఆ మంచు కరగలేదు. లోతుగా ఉన్న గడ్డనేల ఎంత ఓర్చుకోగలదో 2008లో అలా తెలిసింది.

పుప్పొడి

ఆలస్యంగా వచ్చాను, క్షమించండి. మంచు గురించే మాట్లాడుతున్నారు, మట్టిని మర్చిపోకండి! మట్టిరేణువు గారు "సగం కుళ్ళిన గడ్డివేళ్ళు" అన్నారే, మాకు అవే నిధి. చలిలో అవి పూర్తిగా కుళ్ళలేదు. ఒక్క చెంచా మట్టిలో పుప్పొడి, గింజలు, పురుగుల రెక్కల ముక్కలు దొరుకుతాయి. చివరికి ఏ జంతువు అవశేషమూ కనబడకపోయినా దాని డీఎన్ఏ ఉంటుంది. 2003లో సైబీరియా గడ్డనేల కోర్‌ల నుంచి ఎముక అవసరమే లేకుండా మామత్, బైసన్, గుర్రాల డీఎన్ఏ తీశారు. మొక్కల డీఎన్ఏ అయితే మూడు లక్షల ఏళ్ళు దాటిన మట్టిలోనూ దొరికింది. 2022లో ఉత్తర గ్రీన్‌లాండ్‌లోని కాప్ కోబెన్‌హాన్ మట్టి నుంచి 20 లక్షల ఏళ్ళ నాటి డీఎన్ఏ చదివారు. ఇప్పుడు చెట్టే లేని ఆ చోట అప్పుడు అడవి ఉంది, ఏనుగును పోలిన మాస్టోడాన్ తిరిగింది.

ఇక రష్యా ఈశాన్య కొసన చుకోత్కాలోని ఎల్‌గిగిత్‌గిన్ సరస్సు. 36 లక్షల ఏళ్ళ క్రితం ఉల్క పడి ఏర్పడింది. హిమనదాలు దాన్ని ఎప్పుడూ కప్పలేదు, కాబట్టి అడుగున ఒండ్రు చెదరలేదు. 2009లో సరస్సు మీద గడ్డకట్టిన మంచుపై యంత్రం నిలబెట్టి 318 మీటర్ల ఒండ్రు తీశారు. చాలామందికి తెలియనిది ఏమిటంటే, దానికి ముందే 2008 చివర్లో ఒడ్డున గడ్డనేలలోకి 141.5 మీటర్లు బోరు వేశారు. లోతైన సరస్సు కింద నేల గడ్డకట్టదు, ఒడ్డున గడ్డకడుతుంది. రెండూ పక్కపక్కన పెడితేనే సరస్సులోకి మట్టి ఎలా చేరిందో, నీటిమట్టం ఎలా మారిందో తెలుస్తుంది.

రుజువేది

మీ అందరి ఉత్సాహం బాగుంది. కానీ నాకు రెండు అనుమానాలు ఉన్నాయి, గట్టిగానే అడుగుతాను.

ఒకటి, నది పాత గట్టును కోసి ఆ మట్టిని కొత్తచోట పోస్తే పాత వేళ్ళు కొత్త పొరలో చేరతాయి. వాటికి రేడియోకార్బన్ చేస్తే పొర వయసు తప్పుగా రాదా? రెండు, బోరు పళ్ళకు అంటుకున్న పైమట్టి సూక్ష్మజీవులు లోపలికి పోవా? 24,000 ఏళ్ళ నాటి రోటిఫర్ (అతిచిన్న నీటిజీవి) మళ్ళీ బతికిందని 2021లో వార్త వచ్చింది. అది నిన్నటి రోటిఫర్ కాదని ఎలా నమ్మాలి?

చలిగది

రెండూ అడగాల్సినవే. మేమూ అవే అడుగుతాం.

రెండోదానికి ముందు జవాబు. బోరు పళ్ళమీద గుర్తుపట్టగల పదార్థం పూస్తారు, ఉదాహరణకు కాంతికి మెరిసే అతిసూక్ష్మ గుండ్లు. ల్యాబ్‌లో కోర్‌ను కరగనివ్వకుండా చలిగదిలో, క్రిమిరహితమైన కత్తితో బయటి పొరను గీకేస్తాం. లోపలి భాగంలో ఆ గుండ్లు కనబడితే ఆ ముక్క పక్కన పెట్టాల్సిందే. రోటిఫర్ ఈశాన్య సైబీరియాలోని అలజేయా నది దగ్గర సుమారు మూడున్నర మీటర్ల లోతు నుంచి తీసిన కోర్‌లో దొరికింది. ఆ లోతు వేసవి కరుగుడుకు కింద ఉంది. మంచు నిండిన మట్టిలో జీవులు పై నుంచి కిందికి పాకలేవు.

మొదటి అనుమానం నిజమైన సమస్య. పూర్తిగా తీరదు. అందుకే ఒకే వస్తువు మీద ఆధారపడరు. గట్టి చెక్కముక్క ఎన్నిసార్లయినా కొట్టుకుపోయి మళ్ళీ చేరగలదు. పలచని నాచు ఆకు, సున్నితమైన గింజ అయితే అంత ప్రయాణం తట్టుకోవు. కాబట్టి వాటి వయసును ఎక్కువ నమ్ముతాం. లోతు పెరిగేకొద్దీ వయసులు వరసలో పెరగకుండా ముందుకూ వెనక్కూ దూకితే, అక్కడ మట్టి తిరగబడిందని రాసేస్తాం.

ఇంకో లోటు నేనే చెబుతాను. వెచ్చని కాలంలో నేల కరిగి కుంగిపోయి కొట్టుకుపోతే ఆ పుటలే ఉండవు. కోర్‌లో ఒక పొర నుంచి తర్వాతి పొరకు మధ్య పదివేల ఏళ్ళ ఖాళీ ఉండొచ్చు, కంటికి ఒక సన్నగీత మాత్రమే కనిపిస్తుంది. మంచు పలకల కోర్‌తో పోలిస్తే ఇది చిరిగిన పుస్తకం. నేను దీన్ని దాచను. కానీ ఆ చిరుగు కూడా "ఇక్కడ ఒకప్పుడు కరిగింది" అని చెబుతుంది.

రుజువేది

చిరుగే సమాచారం అన్న మాట నాకు నచ్చింది. ఒప్పుకుంటున్నాను.

వేడిరేఖ

కోర్ తీసేశాక మిగిలిన రంధ్రం గురించి ఎవరూ చెప్పలేదు. నా పని అదే.

రంధ్రంలో సెన్సర్లు ఉన్న తీగ దించి, బోరు వేడి చల్లారేదాకా వదిలేసి, తర్వాత ఒక్కో లోతులో ఉష్ణోగ్రత కొలుస్తాం. చలికాలం, వేసవి తేడా 10 నుంచి 20 మీటర్లలోపే అంతరించిపోతుంది. ఆ కింద కనిపించేదంతా దశాబ్దాల, శతాబ్దాల మార్పు. వేడి మట్టిలో అంత నెమ్మదిగా దిగుతుంది కాబట్టి, పైన ఎప్పుడో జరిగిన వెచ్చదనం ఇంకా కిందికి దిగుతూ దారిలో కనబడుతుంది. 1986లో లాకెన్‌బ్రూక్, మార్షల్ అనే ఇద్దరు ఉత్తర అలాస్కా చమురు బావుల్లో ఇది చూశారు. లోతునుబట్టి ఉష్ణోగ్రత చూపే గీత పై 100 మీటర్లలో వంగి ఉంది. లెక్కవేస్తే గత శతాబ్దంలో నేల ఉపరితలం 2 నుంచి 4 డిగ్రీలు వెచ్చబడిందని తేలింది. థర్మామీటర్లు లేని చోట నేలే థర్మామీటర్ అయింది. ప్రపంచమంతటి రంధ్రాలు కలిపి చూస్తే 2007 నుంచి 2016 మధ్య గడ్డనేల సగటున 0.29 డిగ్రీలు వెచ్చబడింది.

మట్టిరేణువు

అయితే చదవాల్సిన పుస్తకం కళ్ళముందే కరుగుతోందన్నమాట. సైబీరియాలో బతగైకా గొయ్యి గురించి చూశాను, అది ఇదేనా?

పుప్పొడి

అదే. 1960లలో అక్కడ అడవి కొట్టేశారు. నీడ పోయింది, నేల కరిగి కుంగింది, ఇప్పుడు కిలోమీటరుకు దగ్గర పడుతున్న గొయ్యి. దాని అడుగు భాగంలో సుమారు 6,50,000 ఏళ్ళ నాటి మంచు బయటపడింది. పరిశోధకులకు అది ఎవరూ తవ్వకుండా దొరికిన గోడ. కానీ ఈ ఏడు బయటపడిన చోటు వచ్చే ఏటికి ఉండదు. చూసి సంతోషించాలో బాధపడాలో నాకు తెలియడం లేదు.

పైగా ఉత్తరాది గడ్డనేలలో సుమారు 1,500 గిగాటన్నుల కార్బన్ ఉంది, గాలిలో ఉన్నదానికి దాదాపు రెండింతలు. సూక్ష్మజీవులు దాన్ని తిని కార్బన్ డయాక్సైడ్, మీథేన్ వదులుతాయి. ఇదంతా ఒక్కసారిగా బయటికి వస్తుందని కాదు. ఎంత వస్తుంది, ఎంత త్వరగా వస్తుంది అని చెప్పడానికి, గతంలో వెచ్చబడినప్పుడు ఏం జరిగిందో ఈ కోర్‌లే చూపించాలి.

చలిగది

మట్టిరేణువు గారూ, దీనికి సంబంధించి ఒక సంగతి చెప్పి ఆపుతాను, ఎందుకంటే నేను ఆ పని చేసేవాణ్ణి.

ల్యాబ్‌కు వచ్చిన కోర్‌ను సాధారణంగా నిలువునా రెండుగా కోస్తాం. ఒక సగం పరీక్షలకు. రెండో సగం ఎవరూ ముట్టుకోకుండా ఫ్రీజర్‌లో. కొత్తగా చేరినప్పుడు, అంత కష్టపడి తెచ్చినదాన్ని సగం ఊరికే పెట్టేయడమేమిటని నాకు కోపం వచ్చేది.

తర్వాత క్యాంప్ సెంచురీ గురించి చదివాను. గ్రీన్‌లాండ్ మంచు కింద అమెరికా సైన్యం కట్టిన స్థావరం అది. 1966లో అక్కడ దాదాపు 1,390 మీటర్ల మంచు దాటి బోరు అడుగుకు చేరింది. దాని కింద మూడున్నర మీటర్ల దాకా గడ్డకట్టిన మట్టి కూడా వచ్చింది. అందరికీ పైనున్న మంచే కావలసి వచ్చింది, మట్టిని సీసాల్లో పెట్టి వదిలేశారు. ఆ సీసాలు అమెరికాలో ఒక ఫ్రీజర్ నుంచి మరో ఫ్రీజర్‌కు, ఆపైన డెన్మార్క్‌కు చేరాయి. 2017లో సామాను సర్దుతుంటే మళ్ళీ కంటపడ్డాయి. తెరిచి కడిగితే కొమ్మలు, ఆకులు, నాచు! ఇసుక రేణువులు చివరిసారి ఎండ ఎప్పుడు చూశాయో చెప్పే లూమినెసెన్స్ పద్ధతితో, మసక ఎర్రకాంతిలో కొలిచారు. 2023లో ఫలితం వచ్చింది: సుమారు 4,16,000 ఏళ్ళ క్రితం. అంటే ఒక మైలు దాకా మంచు ఉన్న ఆ చోట అప్పుడు మంచే లేదు. 1966లో ఆ మట్టిని అలా కొలిచే మార్గమే లేదు. అది చెడిపోకుండా అరవై ఏళ్ళకు దగ్గరగా చలిలో ఉండబట్టి దొరికింది.

అలాగని ఫ్రీజర్‌ను గుడ్డిగా నమ్మకూడదు. 2017లోనే కెనడాలో ఒక ఫ్రీజర్ చెడిపోయి, ఆర్కిటిక్ మంచు కోర్‌ల సేకరణలో సుమారు 13 శాతం కరిగిపోయింది. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. మా దగ్గర అలారం రెండు వేర్వేరు ఫోన్లకు వచ్చేది. వారాంతాల్లో ఒక ఫోన్ నా దగ్గరే ఉండేది.

మట్టిరేణువు

ఇంత ఓపికగా చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. లూమినెసెన్స్ గురించి విడిగా అడుగుతాను. చలిగది గారూ, చివరిగా ఒక్కటి. దాచిపెట్టే ఆ రెండో సగం మీద కూడా బాణం గుర్తు ఉంటుందా?

చలిగది

ఉంటుందండి. ఆ సంచి సంగతి తర్వాత రెండు చోట్ల గీయడం మొదలుపెట్టాం, ఒకటి సంచి మీద, ఒకటి కోర్ మీదే.